ఫుల్ సైజ్ పిస్టల్ మీద మనసు మళ్లింది, కానీ అంత డబ్బు పెట్టాలా? సగం ధరలో వచ్చేవాటి గురించి చెప్పండి

గౌతమి_షూటర్

అందరికీ నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర ఊరు, వయసు 27, ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. 2024 ఆగస్టు నుంచి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటున్నాను. జులై 28న పారిస్‌లో మను భాకర్‌కి కంచు పతకం వచ్చినప్పుడు మా ఇంట్లో అందరం టీవీ ముందే ఉన్నాం, ఆ తర్వాతి వారమే వెళ్లి చేరిపోయాను. మా రేంజ్ అంటే పాత ధాన్యం గొడౌన్, అందులో ఆరు లేన్లు, కార్డు టార్గెట్లు. ఎలక్ట్రానిక్ టార్గెట్లు ఇంకా రాలేదు.

అసలు విషయానికొస్తాను. చేరిన రోజే మా కోచ్ గారు నా చెయ్యి చూసి, చిన్న చెయ్యి కదా అని కాంపాక్ట్ పిస్టల్, అంటే పొట్టి రకం, ఇచ్చారు. అది వేరే కుర్రాడిది, రేంజ్‌లోనే ఉంచేవాడు, నన్ను వాడుకోనిచ్చేవాడు. రేంజ్‌కి సొంతంగా ఉన్నది మోరిని కంపెనీ ఫుల్ సైజ్ పిస్టల్ ఒకటి. మొదట్లో ఒకటి రెండుసార్లు దాన్ని ఎత్తి చూశాను, అసలు నచ్చలేదు. బరువంతా ముందుకే ఉన్నట్టు, మూతి కిందికి లాగేసినట్టు అనిపించింది. పది షాట్లకే మణికట్టు దగ్గర నొప్పి వచ్చేది. ఇది మగపిల్లల పిస్టల్, నాకు పడదు అని గట్టిగా అనేసుకున్నాను.

కిందటి దసరా తర్వాత ఆ కుర్రాడు చదువుకి హైదరాబాద్ వెళ్తూ తన పిస్టల్ పట్టుకెళ్లిపోయాడు. ఇంక దారిలేక మోరినియే పట్టుకోవాల్సి వచ్చింది. రెండు వారాలు ఏడుపొక్కటే తక్కువ. 60 షాట్లకి 600లో స్కోరు 540 నుంచి 522కి పడిపోయింది. మూడో వారంలో కోచ్ గారు గ్రిప్ మార్చి చిన్న సైజుది వేశారు. దాంతో నొప్పి తగ్గింది. ఆ తర్వాత ఒకరోజు ఉదయం ఎత్తి పట్టుకుంటే ఫ్రంట్ సైట్, అంటే గురి చూసే ముందు మొన, ఊగడం ఊగుతోంది గానీ మెల్లగా ఊగుతోంది. కాంపాక్ట్‌తో అయితే అటూ ఇటూ చటుక్కున తుళ్లేది, ఆ తుళ్లే టైంలోనే నేను కంగారుపడి ట్రిగ్గర్ లాగేసేదాన్ని. ఇది గోదావరిలో పెద్ద పడవ కదిలినట్టు కదులుతుంది, వేలు మెల్లగా నొక్కుకునే టైం ఉంటుంది. సంక్రాంతి సెలవుల ముందు 556 కొట్టాను, అది ఇప్పటిదాకా నా బెస్ట్.

ఇప్పుడు సొంతంగా కొనుక్కోవాలని ఉంది, ఎందుకంటే రేంజ్ పిస్టల్‌కి ముగ్గురం వంతులేసుకుంటున్నాం. నాకు చెప్పిన లెక్క ప్రకారం కొత్త మోరిని అన్నీ కలిపి రెండు లక్షలు దాటుతుంది. నా జీతానికి అది చాలా పెద్ద మాట, ఇంట్లో పెళ్లి ఖర్చుల కోసం దాస్తున్న డబ్బు ముట్టుకోవడం నాకిష్టం లేదు. అందుకని అడుగుతున్నాను, హ్యామర్లీ కంపెనీ ఏపీ20 లాంటి చవక పిస్టల్ తీసుకుంటే ఈ ఫుల్ సైజ్ ఫీలింగ్ వస్తుందా? సెకండ్ హ్యాండ్ మంచిదా? మళ్లీ కాంపాక్ట్‌కే వెళ్లిపోవాలా? దయచేసి వాడినవాళ్లు చెప్పండి, అమ్మేవాళ్లు చెప్పింది చాలా విన్నాను.

వశిష్ఠ_ఒడ్డు

అమ్మా, మాది నరసాపురం. నాకు 54 ఏళ్లు, పదకొండేళ్లుగా ఇదే ఆట. సెకండ్ హ్యాండ్ కొనొచ్చా అంటే నిక్షేపంలా కొనొచ్చు, నా చేతిలో ఉన్నది కూడా సెకండ్ హ్యాండే. కాకపోతే పిస్టల్ కంటే ముందు దాని గాలి సిలిండర్ చూడు. సిలిండర్ మీద తయారైన నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి. కంపెనీ ఇచ్చిన గడువు, మామూలుగా పదేళ్లు, దాటిన సిలిండర్‌ని పోటీల్లో ఒప్పుకోరు, అది ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) రూలు. 200 బార్ ఒత్తిడితో గాలి పట్టే డబ్బా అది, మణికట్టు పక్కనే ఉంటుంది, కాబట్టి ఆ రూలు ఊరికే పెట్టింది కాదు.

నేను మొదటిది కొన్నప్పుడు వేరే రాష్ట్రం మనిషి దగ్గర ఫొటోలు చూసి కొన్నాను. పిస్టల్ అద్దంలా ఉంది, ట్రిగ్గర్ వెన్నలా ఉంది, రెండు నెలలు మహా సంతోషంగా కాల్చాను. తీరా రాష్ట్ర పోటీకి వెళ్తే ఎక్విప్‌మెంట్ చెకింగ్‌లో సిలిండర్ తిప్పి చూసి పక్కన పెట్టేశారు, పదకొండో ఏడు నడుస్తోంది దానికి. నాకు కాళ్లు చేతులు ఆడలేదు. పక్క లేన్‌లో అదే మోడల్ వాడుతున్న ఒక పిల్లాడు తన స్పేర్ సిలిండర్ ఇవ్వబట్టి ఆరోజు ఆడగలిగాను. తర్వాత కొత్త సిలిండర్ తెప్పించుకోవడానికి నాలుగు నెలలు పట్టింది, ఖర్చు సరేసరి. అమ్మినాయనకి ఫోన్ చేస్తే మీరు అడగలేదు కదండీ అన్నాడు. నిజమే, అడగలేదు. అప్పటినుంచి ఎవరు కొంటున్నా ముందు ఆ మాటే చెబుతున్నాను.

రెండోది, గాలి నింపి రాత్రంతా వదిలేసి పొద్దున్న గేజ్ చూడమను. ముల్లు దిగిందంటే సీళ్లు, అంటే గాలి పోకుండా ఆపే రింగులు, పోయినట్టు. సీళ్లు మార్చడం పెద్ద పనేం కాదు, కానీ ఆ మేరకు ధర తగ్గించాలి కదా. ఇంకో మాట, బిల్లు లేనిది ముట్టుకోకు. గొట్టం బోరు 0.177 అంగుళాలు, షాట్ శక్తి 20 జౌళ్ల లోపు ఉన్న ఎయిర్ పిస్టల్‌కి లైసెన్సు అక్కర్లేదు, మన పిస్టల్ ఆరు జౌళ్లు కూడా దాటదు, కానీ బస్సులో పెట్టె తెరిపించి ఇదేంటని అడిగితే చూపించడానికి కాగితం ఉండాలి. నేను బిల్లు, అసోసియేషన్ కార్డు రెండూ పెట్టె మూతలోనే అంటించి ఉంచుతాను.

భీమవరం_నాన్న

మేడమ్, మా అబ్బాయికి 15. వాడికి కిందటేడు ఏపీ20 కొన్నాం. కొత్త మోరినికి చెప్పిన ధరలో సుమారు సగానికి వచ్చింది. నేను షూటర్ని కాదు, చేపల చెరువులు చూసుకుంటాను, వాడి వెనకాల కూర్చుని చూసిందే చెబుతున్నాను.

మంచి విషయాలు. తేలిక, పిల్లలకి భుజం మీద భారం పడదు. గ్రిప్ కుడి ఎడమ ఏ చేతికైనా సర్దుకోవచ్చు. గురి బాగానే ఉంటుంది, స్టాండ్‌లో బిగించి కాల్చి చూస్తే పెల్లెట్లన్నీ (సీసపు గుళ్లు) ఒకే కంతలోంచి పోయినట్టు పోయాయి, అంటే తప్పు ఏదైనా ఉంటే అది మనిషిదే. ట్రిగ్గర్ మాత్రం పెద్ద పిస్టళ్లంత నున్నగా లేదని వాడి కోచ్ అంటారు, నాకు తేడా తెలీదు.

అసలు నేను చెప్పాలనుకున్నది డబ్బు గురించి. పిస్టల్ కొన్న రోజుతో ఖర్చు అయిపోతుందనుకున్నాను, అక్కడే మొదలైంది. వాడు నెలకి వెయ్యి పైన పెల్లెట్లు కాలుస్తాడు, అంటే 500 పెల్లెట్లుండే డబ్బాలు రెండు అయిపోతాయి. మ్యాచ్ పెల్లెట్లు బయటి దేశం నుంచి రావాలి, ఒక్కోసారి దొరకవు, దొరికినప్పుడు పది డబ్బాలు ఒకేసారి కొని పెట్టుకోవాలి. బూట్లు, కళ్లజోడు ఫ్రేము, రేంజ్ ఫీజు, పోటీలకి ప్రయాణాలు, లాడ్జి. పిస్టల్ మీద లక్ష మిగిల్చాం కాబట్టి ఇవన్నీ అప్పు చెయ్యకుండా నడుస్తున్నాయి. మా పక్క లేన్ అబ్బాయికి వాళ్లు బ్రహ్మాండమైన పిస్టల్ కొనిచ్చారు, పెల్లెట్ల దగ్గర పిసినారితనం చేసి వారానికి వంద కాల్పిస్తున్నారు. పిల్లాడు ఎలా ఎదుగుతాడు చెప్పండి.

ధవళేశ్వరం_బెంచ్

నేను ఒక క్లబ్‌లో పిస్టళ్ల సర్వీసింగ్ చూస్తాను, దాదాపు అన్ని కంపెనీలవీ విప్పి బిగించాను. గౌతమి గారూ, మీరు రాసినదాంట్లో నాకు బాగా నచ్చింది ఊగడం తగ్గలేదు, మెల్లగా అయింది అన్న మాట. చాలామంది ఫుల్ సైజ్ ఎందుకు అంటే సైట్ల మధ్య దూరం ఎక్కువ కాబట్టి గురి బాగుంటుంది అంటారు. అది కొంతవరకే నిజం. అసలు సంగతి బరువు ఎక్కడుంది అనేది. బరువు చేతికి దూరంగా, ముందుకి ఉంటే పిస్టల్ తొందరగా తిరగదు. కాంపాక్ట్‌లో బరువు చేతికి దగ్గరగా ఉంటుంది కాబట్టి చిన్న కదలికకి కూడా మూతి తిరిగిపోతుంది. ఫిజిక్స్ మేడమ్‌కి నేను చెప్పక్కర్లేదు గానీ కొబ్బరికాయలు దింపేవాడి గెడ ఒకటి చాలు ఇది అర్థం కావడానికి, పొడుగు గెడ చివర కత్తి ఉన్నప్పుడు అది ఎంత నింపాదిగా కదులుతుందో చూడండి.

అందుకని మీ ప్రశ్నకి నా సమాధానం, మీకు నచ్చింది మోరిని కాదు, ముందువైపు ఉన్న బరువు. అది స్టైర్ ఎల్‌పీ10లోనూ ఉంటుంది, ఫైన్‌వర్క్‌బావ్ పీ8ఎక్స్‌లోనూ ఉంటుంది, పార్దిని కే12లోనూ ఉంటుంది. ఇవన్నీ కిలోకి కొంచెం అటూ ఇటూ తూగుతాయి. ఏపీ20 గొట్టం చూడ్డానికి పొడుగే గానీ మొత్తం మీద తేలిక, కాబట్టి దాన్ని పట్టుకోగానే మీకు మళ్లీ ఆ తుళ్లడం కనిపిస్తుందని నా అనుమానం. చెడ్డ పిస్టల్ అని కాదు, 15 ఏళ్ల కుర్రాడికి సరిగ్గా సరిపోతుంది, భీమవరం గారు మంచి పని చేశారు. మీరు మాత్రం ముందు ఎవరిదైనా అడిగి రెండు రోజులు కాల్చి అప్పుడు నిర్ణయించుకోండి.

ట్రిగ్గర్ సంగతి. మీ రేంజ్ మోరిని 162ఈఐ అయ్యుంటుంది, అది ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్, బ్యాటరీ మీద నడుస్తుంది. చాలా బాగుంటుంది, ఎన్నివేల షాట్లయినా ఒకేలా తెగుతుంది. కానీ సర్క్యూట్ పోతే మన గోదావరి జిల్లాల్లో బాగుచేసే మనిషి లేడు. టోక్యోలో 2021లో మను భాకర్‌కి క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ మొరాయించింది, బోలెడు టైం పోయి 575 దగ్గర ఆగి ఫైనల్ పోగొట్టుకుంది. ఒలింపిక్స్‌లో అంటే పక్కన కోచ్, స్పేర్ పిస్టల్ అన్నీ ఉంటాయి. మనం పోటీకి వెళ్లేటప్పుడు ఒక్క పిస్టల్, ఒక స్క్రూడ్రైవర్. అందుకే సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి నేను మెకానికల్ ట్రిగ్గర్‌దే చెబుతాను. అరిగిన ముక్క కంటికి కనిపిస్తుంది, శుభ్రం చేసి, 500 గ్రాముల బరువు వేలాడదీసి సరిచూసి ఇచ్చెయ్యొచ్చు.

ఇంకొకటి మన ప్రాంతం వాళ్లకి ప్రత్యేకంగా. సముద్రం దగ్గర, చుట్టూ కాలవలు, వరిచేలు, గాల్లో తడి ఎప్పుడూ ఉంటుంది. చేతి పంపుతో 200 బార్ దాకా కొట్టేవాళ్ల సిలిండర్లలో నీళ్ల చుక్కలు చూశాను నేను. పంపు మధ్యమధ్యలో ఆపి చల్లారనివ్వాలి, తడి వదిలెయ్యాలి. వీలైతే క్లబ్ పెద్ద సిలిండర్ నుంచే నింపుకోండి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి నెలకోసారి మార్చండి. దయచేసి కొబ్బరి నూనె రాయకండి. మన ఇళ్లల్లో తుప్పు అనగానే చెయ్యి అటే పోతుంది, అది కొన్నాళ్లకి జిగురులా గడ్డకట్టి ట్రిగ్గర్ ముక్కల్ని పట్టేస్తుంది. గాలి వెళ్లే చోట మామూలు మెషిన్ ఆయిల్ అసలే పనికిరాదు, ప్రమాదం. సీళ్లకి సిలికాన్ గ్రీజు, అదీ ఆవగింజంత.

రాజోలు_స్టూడెంట్

అక్కా, నేను కాంపాక్టే వాడతాను, నాకు 19, ఐదు అడుగుల ఒక అంగుళం. స్టేట్‌లో రెండుసార్లు ఆడాను. ఇక్కడ అందరూ ఫుల్ సైజ్ వైపే మాట్లాడుతున్నారు కాబట్టి కొంచెం అవతలివైపు చెబుతాను, ఏమీ అనుకోకండి.

మీ 540 కాంపాక్ట్‌తో వచ్చింది ఎప్పుడు? దసరాకి ముందు. 556 వచ్చింది సంక్రాంతికి. మధ్యలో మూడు నెలల ప్రాక్టీస్ ఉంది, గ్రిప్ మారింది, కోచ్ గారు మీ మీద ఎక్కువ దృష్టి పెట్టి ఉంటారు. ఆ 16 పాయింట్లు పిస్టల్‌వే అని ఎలా చెప్పగలరు? కాంపాక్ట్‌కి ఇలాగే మీ చేతికి సరిపోయే గ్రిప్ వేసి ఉంటే అప్పుడే 550 వచ్చేదేమో. నాకైతే గ్రిప్ సరిచేయించుకున్న నెలలోనే 12 పెరిగాయి, పిస్టల్ అదే. బొటనవేలు కింద ఖాళీ ఉంటే అక్కడ ఎపాక్సీ పుట్టీ పెట్టి, చెయ్యి పెట్టి నొక్కి, ఆరాక గీకుకుంటూ నెల రోజులు తిప్పలు పడ్డాను. మా నాన్న వడ్రంగి కాబట్టి కుదిరింది లెండి, ఆయన ఒక్క మధ్యాహ్నంలో అరచేతి మడమ దగ్గర వాలు చెక్కేశారు.

మీరు ఒక పని చెయ్యండి. ఎవరిదైనా కాంపాక్ట్ వారం రోజులు అడిగి తీసుకుని, ముందు గొట్టం కింద కొంచెం బరువు టేపుతో అంటించి చూడండి. మా ఇంటి వెనకాల వేటకెళ్లే వాళ్లుంటారు, వల అడుగున కట్టే సీసపు గుళ్లు ఉంటాయి చూడండి, అవి నాలుగు తీసుకుని చేశాను నేను. పోటీకి అలా వెళ్లలేం, అక్కడ కంపెనీ బరువులు బిగించుకోవాలి, మొత్తం 1500 గ్రాములు దాటకూడదు, చెకింగ్‌లో పెట్టే కొలత పెట్టెలో పిస్టల్ పట్టాలి. కానీ మీకు కావాల్సింది ముందు బరువో కాదో తేల్చుకోవడానికి ఇరవై రూపాయల ఖర్చు కూడా అవదు. అది సరిపోయిందంటే సెకండ్ హ్యాండ్ కాంపాక్ట్, దానికో బరువు, అయిపోయింది.

కాకినాడ_పాతచెయ్యి

ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను, రష్యా ఐజెడ్‌హెచ్ 46ఎమ్ అని ఒకటి ఉండేది. కింద ఉన్న పెద్ద లివర్ ఒక్కసారి లాగి మూస్తే ఆ ఒక్క షాట్‌కి గాలి పట్టుకుంటుంది. సిలిండర్ లేదు, పదేళ్ల తేదీ గొడవ లేదు, పంపు లేదు, తడి లేదు. పొడుగ్గా, బరువుగా, పక్కా ఫుల్ సైజ్. గురి విషయంలో దాని ధరకి నాలుగింతల పిస్టళ్ల పక్కన నిలబడుతుంది. పాతది ఎక్కడైనా దొరికితే వదలకండి, ఇంట్లో ఉంచుకోవడానికి.

పోటీకి మాత్రం కష్టం. 60 షాట్లకి 60 సార్లు లివర్ లాగాలి, వార్మప్ షాట్లు వేరే. కాల్చే చెయ్యి దానికే అలసిపోతుంది. నేను నలభై షాట్ల తర్వాత ఎప్పుడూ కిందికే కాల్చేవాణ్ణి. బజారులో దొరికే దేశీ స్ప్రింగ్ పిస్టళ్ల జోలికి మాత్రం వెళ్లకండి, పెల్లెట్ గొట్టం దాటేలోపే స్ప్రింగు పిస్టల్‌ని కుదిపేస్తుంది, అది నేర్పే అలవాటు వదిలించుకోవడానికి ఏడాది పడుతుంది.

గౌతమి_షూటర్

అందరికీ చాలా థాంక్స్ అండీ, ఇన్ని సంగతులు వస్తాయనుకోలేదు. తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను, ఎందుకంటే రాజోలు చెల్లి చెప్పింది చేసి చూడకుండా రాయడం బాగోదనిపించింది. చెల్లీ, నువ్వు అడిగిన ప్రశ్న నిజంగా నన్ను గుచ్చింది, మంచికే. క్లాసులో పిల్లలకి ఒకేసారి రెండు మారిస్తే ఏది కారణమో తెలీదురా అని నేనే చెబుతాను, నా విషయంలో అది మర్చిపోయాను.

ముందు ధవళేశ్వరం గారు చెప్పిన సైట్ల దూరం లెక్క వేశాను. సైట్ల మధ్య 340 మిల్లీమీటర్లు ఉందనుకుంటే, సైట్ అమరిక పదో వంతు మిల్లీమీటర్ తప్పితే 10 మీటర్ల దగ్గర దాదాపు 3 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. 300 ఉంటే 3.3 దాకా. టార్గెట్‌లో ఒక రింగు వెడల్పు 8 మిల్లీమీటర్లు, మధ్యలో పది రింగు 11.5. అంటే పొడుగు వల్ల వచ్చే తేడా రింగులో ఇరవయ్యో వంతు కూడా లేదు. దాని కోసమైతే లక్ష రూపాయలు ఎక్కువ పెట్టడం అనవసరం.

తర్వాత పండక్కి ఊరొచ్చిన ఆ కుర్రాడినే బతిమాలి కాంపాక్ట్ వారం రోజులు ఉంచుకున్నాను. రోజుకో పిస్టల్, రోజుకి 60 షాట్లు, ఒకే డబ్బా పెల్లెట్లు. కాంపాక్ట్ ఉన్నదున్నట్టు రెండు రోజులు కాలిస్తే 545, 548. అంటే చెల్లి చెప్పింది నిజమే, ఆ 16లో సగానికి కొంచెం తక్కువ నా ప్రాక్టీసుదే. గొట్టం ముందువైపు 40 గ్రాముల సీసం అంటించి రెండు రోజులు కాలిస్తే 551, 553. మోరినితో మూడు రోజులు 554, 559, 557. ఏడు రోజుల లెక్క మీద పెద్ద మాటలు చెప్పకూడదని నాకు తెలుసు, కానీ అంకెల కంటే చేతికి ఇంకా స్పష్టంగా తెలిసింది. సీసం అంటించిన కాంపాక్ట్‌లో ఊగడం నెమ్మదించింది గానీ నాలుగో సిరీస్ (పది షాట్లకి ఒక సిరీస్) దాటాక భుజం అలిసినప్పుడు మళ్లీ తుళ్లడం మొదలైంది. మోరినితో అలిసిపోయినప్పుడు కూడా మెల్లగానే ఊగుతుంది. చివరి ఇరవై షాట్లు చూస్తే కాంపాక్ట్‌లో ఎనిమిదులు, ఏడులు కనిపిస్తాయి, మోరినిలో ఏడు అనేదే అరుదు.

ఏపీ20 కూడా మా కోచ్ గారికి తెలిసిన వాళ్లది ఒక పూట పట్టుకున్నాను. బాగుంది, ధరకి చాలా బాగుంది. కానీ ధవళేశ్వరం గారు చెప్పినట్టే అయింది, ఎత్తగానే చెయ్యి గాల్లోకి లేచిపోయినట్టు అనిపించింది. నేనిప్పుడే మొదలుపెట్టుంటే అదే కొనేదాన్ని. భీమవరం గారూ, మీరు చెప్పిన పెల్లెట్ల లెక్క కాగితం మీద రాసి గోడకి పెట్టుకున్నాను, ఏ పిస్టల్ కొన్నా ఏడాదికి ఇరవై నాలుగు డబ్బాల డబ్బు ముందు పక్కన పెట్టాకే కొంటాను.

కాబట్టి ఇప్పుడు నా ఆలోచన, ఫుల్ సైజే, కానీ కొత్తది కాదు, ఎలక్ట్రానిక్ కాదు. మెకానికల్ ట్రిగ్గర్ ఉన్న సెకండ్ హ్యాండ్ ఎల్‌పీ10 గానీ పీ8ఎక్స్ గానీ, చిన్న సైజు గ్రిప్‌తో. గ్రిప్ పెద్దదైతే వడ్రంగిని చూసుకుంటాను, రాజోలు చెల్లి వాళ్ల నాన్నగారు ఒప్పుకుంటే అక్కడికే వస్తాను. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.

రాజోలు_స్టూడెంట్

అక్కా రండి రండి, నాన్న సరే అన్నారు. పిస్టల్ కాదు, గ్రిప్ ఒక్కటే విప్పి తీసుకురండి. చెక్కేటప్పుడు మీరు పక్కనే ఉండాలి, రెండు నిమిషాలకోసారి పట్టుకుని చూడాలి. ఒక్కసారి ఎక్కువ పోయిందంటే మళ్లీ పుట్టీయే. మీ అంకెలు చూశాక నేను కూడా ఒక నెల ఫుల్ సైజ్ ట్రై చేద్దామనుకుంటున్నాను, చివరి ఇరవై షాట్ల సంగతి నాకూ ఉంది.

వశిష్ఠ_ఒడ్డు

అమ్మా, మా పాలకొల్లు స్నేహితుడి దగ్గర ఎల్‌పీ10 ఉంది. భుజం ఆపరేషన్ అయ్యాక ఆడటం మానేశాడు, రెండేళ్లుగా పెట్టెలోనే ఉంది. బిల్లు ఉంది. రెండు సిలిండర్లు. అడిగితే లక్షా పది అన్నాడు, ఆడపిల్ల, పోటీలకి వెళ్తోంది అని చెప్పాను, కూర్చుని మాట్లాడదాం. రెండేళ్లు కదలకుండా ఉంది కాబట్టి సీళ్లు ఎండి ఉండొచ్చు, ఆ ఖర్చు మాత్రం ఆయన మీదే పెట్టు. శనివారం సాయంత్రం గాలి నింపి ఉంచమంటాను, ఆదివారం పొద్దున్న నువ్వు వచ్చేసరికి గేజ్ ఎంత ఉందో నీ కళ్లతోనే చూద్దువుగాని.

ధవళేశ్వరం_బెంచ్

ఎల్‌పీ10 అయితే వెళ్లి చూడండి. ముందు కొన్ని డ్రై ఫైర్లు, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కడం, చెయ్యండి, ట్రిగ్గర్ రెండో దశ దగ్గర గరగర తగిలితే నాకు చెప్పండి, అది శుభ్రం చేస్తే పోయేదే. లోపల అబ్జార్బర్ ఉంటుంది, షాట్ కొట్టినప్పుడు పిస్టల్ చేతిలో కదలకుండా అదే కాపాడుతుంది, అది జామ్ అయి ఉంటే మాత్రం ధర మాట్లాడే ముందే నాకు ఫోన్ కలపండి. మీ పెల్లెట్ల డబ్బా మీరే పట్టుకెళ్లండి, కార్డు మీద పది పది చొప్పున మూడు గ్రూపులు కాల్చి ఆ కార్డులు పారెయ్యకుండా తీసుకురండి.

గౌతమి_షూటర్

సరేనండీ వశిష్ఠ బాబాయ్ గారూ. ఆదివారం పొద్దున్నే మా తమ్ముడి బండి మీద చించినాడ వంతెన దాటి వచ్చేస్తాం, తొమ్మిదింటికల్లా పాలకొల్లులో ఉంటాం. నాలుగు కార్డులు, ఒక పెల్లెట్ల డబ్బా, ట్రిగ్గర్ చూసే 500 గ్రాముల బరువు కాలేజీ ల్యాబ్ నుంచి అడిగి తీసుకున్నాను. ఆయన సిలిండర్ల ఫొటో పంపారు. ఒకదాని మీద 2014 ఉంది, అది లెక్కలోకి తీసుకోను. రెండోదాని మీద 2021.